సీలు విప్పని పెట్టెలో ఎంతుంది?

నాణెం ముఖాన ఎంత అని రాసి వుందో అంతే దాని విలువ అని చిన్నతనంలో అందరమూ అనుకుంటాం. రూపాయి ఇస్తే రూపాయి సరుకు వస్తుంది. అక్కడితో లెక్క సరి. 100 రూపాయల నాణేన్ని ప్రభుత్వమే 4 వేల పైచిలుకు ధరకు అమ్ముతుందనీ, దానికోసం జనం వరుసలు కడతారనీ చెబితే మన తాతలు నవ్వి వూరుకునేవారు. కాని అది జరిగిన మాటే. 2023 ఆగస్టు 28న ఢిల్లీ రాష్ట్రపతి భవనంలో నందమూరి తారకరామారావుగారి శతజయంతి నాణెం విడుదల అయినప్పుడు, దాన్ని కొట్టిన హైదరాబాదు టంకశాలవారి విక్రయశాల దగ్గర ఆ వరుసలు మనవాళ్లంతా చూశారు. అభిమానంతో కొన్నవారు కొందరు. "రేపు దీని ధర పదింతలు అవుతుందటండీ" అని కొన్నవారు మరికొందరు. అభిమానంతో కొన్నవారి గురించి నాకు బెంగ లేదు. వారికి రావలసిన లాభం ఆ పెట్టె తెరిచిన క్షణానే వచ్చేసింది. ఈ నాలుగు మాటలూ రెండో రకంవారి కోసం.

ముప్పై అయిదేళ్లుగా నాణేలు పోగుచేసే అలవాటు నాకు. మా ఆవిడ దాన్ని అలవాటు అనదు, వ్యసనం అంటుంది. ఏమైతేనేం, ఈ అలవాటు పుణ్యమా అని తెలిసినవారు, తెలిసినవారికి తెలిసినవారు వచ్చి ఒకే ప్రశ్న వేస్తుంటారు: "సీలు విప్పని సెట్టు ఒకటి అమ్మకానికి వచ్చింది. ఎంతకు కొనవచ్చు?" ఒక్క ముక్కలో జవాబు చెప్పటం ఎవరి తరమూ కాదు. అయితే జవాబు కట్టుకునే పద్ధతి ఒకటి వున్నది. దానికి పెద్ద చదువు అక్కరలేదు. కూరగాయల బేరం తెలిసిన ఇల్లాలికి ఈ బేరమూ తెలుస్తుంది.

పెట్టెలో వుండేవి ఏమిటి?

మన దేశంలో ప్రభుత్వ టంకశాలలు నాలుగు: ముంబయి, కలకత్తా, హైదరాబాదు, నోయిడా. నిజాం ప్రభుత్వం 1903లో సైఫాబాదులో నెలకొల్పిన టంకశాలను 1950లో కేంద్రప్రభుత్వం తీసుకున్నది. 1997లో అది చర్లపల్లికి మారింది. పాత సైఫాబాదు భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. హైదరాబాదు వెళ్లినప్పుడు పిల్లలకు తప్పక చూపించండి.

ఈ టంకశాలలు బజారులో చలామణీకి కొట్టే నాణేలు కాక, మహనీయుల జయంతులకూ, సంస్థల ఉత్సవాలకూ ప్రత్యేకంగా కొన్ని కొట్టి, అట్టలలోనో పెట్టెలలోనో బిగించి అమ్ముతాయి. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ప్రూఫ్. మెరుగుపెట్టిన అచ్చుతో, మెరుగుపెట్టిన బిళ్లమీద, ఒకటికి రెండుసార్లు కొట్టిన నాణెం ఇది. నేల అద్దంలా వుంటుంది; బొమ్మ దానిమీద మంచు పట్టినట్లు తెల్లగా తేలుతుంది. రెండోది అన్‌సర్క్యులేటెడ్, వర్తకులు యు.ఎన్‌.సి. అంటారు. చేతులు మారని నాణెం అని అర్థం. అచ్చు మామూలుదే. పనితనంలో ప్రూఫ్ మెట్టు ఎక్కువ. అందుకని ధరా ఎక్కువ. ఏది కొంటున్నదీ తెలియకుండా ధర మాట ఎత్తవద్దు.

రామారావుగారి నాణేన్నే తీసుకోండి. బరువు 35 గ్రాములు, అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు. అందులో వెండి సగం. రాగి నూటికి 40 పాళ్లు, నికెలు 5, జింకు 5. దీన్ని చెక్కపెట్టెలో పెట్టి ఒక ధరకూ, అట్టలో పెట్టి ఇంకొక ధరకూ అమ్మారు. ప్రూఫ్‌కు, యు.ఎన్‌.సి.కి తేడా సరే. చెక్కపెట్టెకూ అట్టకూ తేడా మాత్రం వడ్రంగి ఖరీదే గాని నాణెం ఖరీదు కాదు. ఇరవయ్యేళ్ల తర్వాత కొనేవాడు చెక్కపెట్టెను మెచ్చుకుంటాడు. కాని దానికి మీరిచ్చినంతా ఇస్తాడని నమ్మకం లేదు.

మూడు ధరల లెక్క

సెట్టు ఏదైనా సరే, కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి.

మొదటి గడిలో లోహం ధర. ఇది చౌకబారు లెక్కలా కనిపిస్తుంది గాని నేల ఎక్కడుందో తెలిసేది దీనివల్లనే. నూరు రూపాయల నాణెంలో అసలు వెండి 17½ గ్రాములు. లెక్క సులువుగా వుండటానికి గ్రాము 100 రూపాయలనుకుంటే 1,750 రూపాయలు. మీరు చదివే నాటి ధర వేసి చూసుకోండి. వెండి పెరిగితే నేల పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అయితే ఒక్క మాట: ఇది లెక్కకోసమే. చెల్లుబాటులో వున్న నాణేలు కరిగించటం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం.

ఈ గడిలోనే చాలామంది బోల్తాపడతారు. తెల్లగా, పెద్దగా వున్నదల్లా వెండి కాదు. 1969లో గాంధీజీ శతజయంతికి కొట్టిన 10 రూపాయల నాణెం 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 12 గ్రాములు. దానిమీద 1869–1948 అని మహాత్ముని జనన మరణ సంవత్సరాలు వుంటాయి. స్వాతంత్ర్య రజతోత్సవానికి 1972లో కొట్టిన 10 రూపాయలది 22½ గ్రాములు. చేతిలో పెట్టుకుంటే గాంధీ నాణెంకంటె బరువు. కాని వెండి సగమే, 11¼ గ్రాములు. ఇక 1974 నాటి 10 రూపాయల నాణెం వున్నది, చిన్న కుటుంబం ప్రచారంకోసం కొట్టినది. అందులో వెండి మచ్చుకైనా లేదు; రాగీ నికెలూను. ముగ్గురి ముఖానా పది రూపాయలే. ముగ్గురి రంగూ తెలుపే. అటు ఈ మధ్య వచ్చినవాటిలో 2024లో రిజర్వు బ్యాంకు 90 ఏళ్ల పండుగకు వచ్చిన 90 రూపాయల నాణెం 40 గ్రాముల మేలిమి వెండి. కాబట్టి సంవత్సరం, సందర్భం చూసి, ఆ నాణెం గురించిన ప్రభుత్వ ప్రకటన చదివి గాని మొదటి గడి నింపవద్దు.

రెండో గడిలో టంకశాల ధర. కొత్త సెట్టు అయితే ఇదే అసలు కొలబద్ద. టంకశాలవారు బుకింగుకు గడువు పెట్టి, చాలా సందర్భాలలో వచ్చిన ఆర్డర్లనుబట్టి కొడతారు. గడువు ఇంకా వున్న నాణేన్ని బజారులో రెట్టింపు ధరకు కొనటం, రైలు కదలకముందే బ్లాకులో టిక్కెట్టు కొన్నట్లే. ముందు టంకశాలను అడగండి. లేదన్నప్పుడే వర్తకుణ్ణి అడగండి.

మూడో గడిలో బజారు ధర. ఇక్కడ ఒక సూక్ష్మం వున్నది. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఫోనులో వెతికితే ఒకడు లక్ష అని రాసి కూర్చుంటాడు. రాయటానికి ఖర్చేముంది? ఆ లక్షా ఇచ్చి కొన్నవాడెవడైనా వున్నాడా అన్నదే ప్రశ్న. నాణేల వేలం సంస్థలు తమ వేలాలలో ఏది ఎంతకు పోయిందో ప్రకటిస్తాయి. అటువంటివి మూడో, నాలుగో చూసి, అన్నిటికన్న ఎక్కువదీ, అన్నిటికన్న తక్కువదీ తీసేసి, నడిమిది రాసుకోండి. వేలంలో కొనేవాడు పాట ధరమీద కమీషనూ, పన్నూ కూడా కడతాడు. అమ్మేవాడి చేతికి కమీషను పోను మిగిలింది వస్తుంది. ఈ రెంటి మధ్య వున్న సందే వర్తకుడి బ్రతుకుతెరువు. వర్తకుడు తక్కువకు అడిగాడని దొంగ అనకండి. మరీ తక్కువకు అడిగాడా లేదా అన్నది చూడండి.

కాకినాడ పెట్టె

ఈ మూడు గళ్లూ నిజంగా ఎట్లా పనిచేస్తాయో చెబుతాను.

రెండేళ్ల క్రిందట కాకినాడనుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, అదృష్టం తలుపు తట్టింది. మా ఆఫీసులో పనిచేసి రిటైరై పోయిన ఒకాయన ఇంట్లో సీలు విప్పని సెట్లు ఇరవై వున్నాయి. ఆయన భార్య అమ్మేస్తానంటున్నది. రెండు లక్షలు చెప్పింది. లక్షన్నరకు తెగుతుంది. అయిదేళ్లలో అయిదు లక్షలు!"

"ఆ లక్షన్నర ఎక్కడిదిరా?" అన్నాను.

కొంచెం తగ్గి చెప్పాడు: కూతురి కాలేజీకీ, హాస్టలుకీ అని బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్టు. ఆ పిల్ల వచ్చే జూన్‌లో ఇంజనీరింగులో చేరాలి.

నేను రైలెక్కాను.

ఆ ఇల్లాలు నెమ్మదైన మనిషి. పెంకుల ఇల్లు, వానకు వెనక గది కారుతున్నది. భర్త ముప్పై ఏళ్లపాటు ఏటా టంకశాలకు డబ్బు కట్టి సెట్లు తెప్పించుకునేవాడట. "మా ఆయన సిగరెట్టు కాల్చలేదు, సినిమాకు పోలేదు అన్నయ్యగారూ. ఇవే ఆయన సరదా. ఎప్పుడైనా అవసరం వస్తే ఇవి నిన్ను ఆదుకుంటాయే అనేవారు" అని పెట్టె తెచ్చి ముందు పెట్టింది. ఆ వూరి వర్తకుడొకడు అంతకుముందే వచ్చి, మొత్తానికి 35 వేలు ఇస్తానన్నాడట. రెండు లక్షల మాట ఆవిడకు పక్కింటి కుర్రవాడు ఫోనులో చూసి చెప్పినది.

ఇటు 35 వేలు, అటు రెండు లక్షలు. మధ్యలో ఒక పిల్ల చదువు, ఒక ఇంటి కప్పు.

ముందు మొదటి గడి నింపాం. నూరు రూపాయల వెండి నాణేలు అయిదు. వెండి 87½ గ్రాములు. గాంధీ శతజయంతి పది రూపాయలు మూడు, 36 గ్రాములు. రజతోత్సవంవి రెండు, 22½ గ్రాములు. వెరసి 146 గ్రాములు. గ్రాము నూరు లెక్కన 14,600 రూపాయలు. మావాడు తన చీటీలో పది రూపాయల నాణేలు ఆరు అని రాసుకుని అన్నిటినీ వెండి కింద కట్టాడు. ఆ ఆరోది 1974 నాటిది. మిగిలిన తొమ్మిది సెట్లూ రాగి, నికెలు కలిసిన చిన్న నాణేలు. లోహం ధర లెక్కించదగ్గది కాదు. "ఇరవై పెట్టెలకీ కలిపి నేల పదిహేను వేలలోపు. ఆ పైన నువ్విచ్చే ప్రతి రూపాయీ, రేపు ఇంకొకడు కావాలని అడుగుతాడన్న నమ్మకానికి ఇస్తున్నావు. అది తెలిసి ఇయ్యి" అన్నాను. మావాడి ముఖం కాస్త చిన్నబోయింది.

సీలు చెప్పేది, చెప్పనిది

తర్వాత సీళ్లు చూశాం. సీలు అనేది ఒక సాక్ష్యం. టంకశాల పెట్టినది పెట్టినట్లు వున్నది, మధ్యలో ఎవరి చెయ్యీ పడలేదు అని అది చెబుతుంది. అంతే చెబుతుంది. లోపల నాణెం బాగున్నదని చెప్పదు. ఇవాళ్టికీ అది టంకశాల సీలేనా అన్నది కూడా మనమే చూసుకోవాలి.

నాలుగు సంగతులు చూడాలి. ప్లాస్టిక్కు అతుకు చుట్టూ ఒకే వెడల్పున వున్నదా, ఒక పక్క మాత్రం మళ్లీ కాల్చి అతికినట్లు ముడతలు పడ్డదా? అట్టమీద రాసిన సెట్టూ, లోపలి నాణేల సంఖ్యా, వాటి సంవత్సరమూ సరిపోతున్నాయా? ప్రూఫ్ అని అట్ట చెబుతుంటే నాణెం నేల అద్దంలా వున్నదా? టంకశాల గుర్తు కుదిరిందా? హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క, ముంబయికి వజ్రం. కలకత్తాకు గుర్తు లేకపోవటమే గుర్తు. ముంబయి ప్రూఫ్‌లమీద 1969 నుంచి చాలా ఏళ్లు 'బి' అక్షరం వుండేది. తర్వాత 'ఎం' వచ్చింది. గాంధీ నాణెం ప్రూఫ్ అంటూ అమ్మి, దానిమీద ఆ అక్షరం లేకపోతే అమ్మేవాణ్ణి కారణం అడగండి.

ఆవిడ పెట్టెలో మూడింట తేడాలు కనిపించాయి. ఒక సెట్టు ప్లాస్టిక్కు లోపల నాణేనికి ఆకుపచ్చని జిగురు పట్టింది. కొన్ని రకాల మెత్తని ప్లాస్టిక్కులు ఏళ్ల తరబడి వుంటే ఆమ్లం వదులుతాయి. అది రాగి కలిసిన నాణేన్ని తినేస్తుంది. సీలు చెక్కుచెదరలేదు, లోపల నాణెం చెడింది! రెంటిమీద వెండి నల్లబడింది. మన కోస్తా గాలిలో చెమ్మ, ఇంట్లో గంధకం కలిసిన వస్తువులు అందుకు చాలు. ఆయన పాపం పెట్టెలన్నిటినీ రబ్బరుబ్యాండ్లు వేసి బీరువాలో ఉన్నిశాలువల మధ్య దాచాడు. రబ్బరులోనూ ఉన్నిలోనూ గంధకం వుంటుంది.

"సీలు విప్పి చూద్దామా?" అన్నాడు మావాడు. "విప్పితే సీలు ఖరీదు పోయేది ఆవిడకు. ఆవిడ సొమ్ముతో నీ అనుమానం తీర్చుకుంటావా?" అన్నాను. అనుమానం వున్న సెట్టుకు సీలు లేనిదాని ధర కట్టండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే నమస్కారం చేసి వచ్చేయండి. నాణేనికి వేరే, సీలుకు వేరే ధర కట్టడం మొదటినుంచీ నా పద్ధతి. నూరింట తొంభై సందర్భాలలో డబ్బు నాణెంలో వుంటుంది.

విప్పని మూటలో వున్న ఆశ

సీలుకు అంత గిరాకీ ఎందుకు? లోపల ఏమున్నదో తెలియకపోవటమే కారణం. అమెరికాలో దీనికి మంచి ఉదాహరణ వున్నది. 1960లో వారి టంకశాల కొట్టిన సెంటుమీద సంవత్సరం అంకెలు రెండు పరిమాణాలలో పడ్డాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఆ యేటి ప్రూఫ్ సెట్లలోనూ రెండూ వున్నాయి. చిన్న అంకెలది తక్కువ. మరి విప్పని కవరులో ఏది వున్నట్లు? విప్పితే తెలుస్తుంది, విప్పకపోతే ఆశ మిగులుతుంది. ఆశకు ధర పలికింది. ఆ ఆశను అమ్మినవాడికి నష్టం ఎన్నడూ లేదు.

అంతకుముందు ఇంకొక కథ. 1950లో డెన్వరు టంకశాల అయిదు సెంట్ల నాణేలు 26 లక్షల 30 వేలు మాత్రమే కొట్టింది. తక్కువ కొట్టారన్న వార్త ముందే పొక్కటంతో జనం చుట్టలు చుట్టలుగా దాచుకున్నారు. ధర ఏళ్ల తరబడి ఎగబ్రాకి, 1964లో శిఖరం చూసి కూలింది. కారణం తేలిక. కొట్టినవి తక్కువే, కాని కొట్టినవన్నీ భద్రంగానే వున్నాయి! అందరూ దాచిన వస్తువు అరుదు ఎట్లా అవుతుంది? మన సీలు సెట్లకూ ఇదే సూత్రం. ఎన్ని కొట్టారన్నదొక్కటే కాదు, ఎన్ని మిగిలాయి, వాటిని కోరేవారు ఎందరున్నారు అన్నది చూడాలి.

కొసరుగా ఇచ్చినది

కాకినాడ సంగతికి వస్తాను. మూడు గళ్లూ నింపి కూడేసరికి ఇరవై సెట్లకూ నా లెక్క 78 వేలు తేలింది. వర్తకుడు చెప్పినదానికి రెట్టింపు పైన. పక్కింటి కుర్రవాడు చెప్పినదానికి సగంకంటె తక్కువ. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "పోనీలెండి, నిజం తెలిసింది" అన్నది. తర్వాత లోపలికి వెళ్లి ఒక పాత అట్టపెట్టె తెచ్చి, "ఇది మా మామగారిదట. దీనికి ఏమీ ఇవ్వనక్కర లేదు, కొసరుగా తీసుకోండి" అని మావాడి చేతిలో పెట్టింది.

తెరిచి చూస్తే ఏడు నాణేలు. రూపాయి, అర్థ, పావలా, చదరపు బేడ, అలల అంచు అణా, చదరపు అర్ధణా, గుర్రం బొమ్మ పైసా. అన్నిటిమీదా 1950. నేలలు అద్దంలా మెరుస్తున్నాయి. గణతంత్ర భారతం కొట్టించిన మొట్టమొదటి ప్రూఫ్ సెట్టు అటువంటిది. నిజమైనది దొరకటం చాలా అరుదు.

మావాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. ఆవిడ మా ఇద్దరి వంకా చూసి, "ఏమిటి?" అన్నది.

అప్పుడు మాట్లాడినవాడు మావాడే. "అమ్మా, ఇది కొసరుగా ఇచ్చే వస్తువు కాదు. మిగిలినవాటన్నిటికన్న ఇదే విలువైనదేమో. ముందు పరీక్ష చేయించాలి" అన్నాడు. ఆ మాటకు వాణ్ణి మెచ్చుకోవాలి. బజారులో న్యాయమైన ధర అంటే కొనేవాడు మోసపోనిది అనే మనం అనుకుంటాం. అమ్మేవాడూ మోసపోకపోతేనే అది న్యాయం. తెలిసినవాడు తెలియనివారి దగ్గర నోరు మూసుకుని తెచ్చిన లాభాన్ని చట్టం పట్టుకోకపోవచ్చు. అది మనసులో ముల్లులా వుండిపోతుంది.

పరీక్ష ఎందుకంటే, పాత తేదీ వున్నంత మాత్రాన పాత నాణెం కాదు. ముంబయి టంకశాల బ్రిటిషు కాలపు నాణేలను పాత అచ్చులతో, నాణేలు పోగుచేసేవారి కోసం 1970 దాకా మళ్లీ కొట్టి ఇచ్చేది. అవి నకిలీలు కావు; అసలువీ కావు. వాటి ధర దారి వేరు. ఇక మెరుగుపెట్టిన మామూలు నాణేలను ప్రూఫ్‌లని అంటగట్టేవారూ వున్నారు. అందుచేత పెద్ద మొత్తం ఇవ్వబోయేముందు, కొనేవాడికీ అమ్మేవాడికీ సంబంధం లేని మూడో మనిషి కన్ను పడాలి.

చివరికి ఏమైందంటే, ఆవిడ పద్దెనిమిది సెట్లను వేలానికి పంపింది. ఎనిమిది నెలలు పట్టింది. మావాడు తాను ముచ్చటపడ్డ రెండు గాంధీ సెట్లను తన జీతంలోంచి, గడిలోని ధర ఇచ్చి కొనుక్కున్నాడు. కమీషన్లు పోను అన్నీ కలిసి ఆవిడ చేతికి 72 వేలు వచ్చాయి. వెనకగది కప్పు వేయించింది. 1950 సెట్టును పరీక్ష చేయించింది. మేలైనదే అని తేలింది. దాన్ని మాత్రం అమ్మలేదు, మనవడి పేర బ్యాంకు లాకరులో పెట్టింది. మావాడి కూతురు హాస్టలులో చేరింది. ఆ డిపాజిట్టు జోలికి ఎవరూ పోలేదు.

ఇంకొక హెచ్చరిక

"వైష్ణోదేవి బొమ్మ వున్న అయిదు రూపాయలు, పది రూపాయలు మీ దగ్గర వుంటే లక్షలు" అనే వార్త మీరూ వినే వుంటారు. 2012 సంవత్సరం ముద్ర వున్న ఆ నాణేలు బజారులో చెల్లేవే. మీ ఇంటి చిల్లర డబ్బాలో కూడా వుండవచ్చు. అమ్మిపెడతామని చెప్పి, ముందుగా రిజిస్ట్రేషను అనీ, పన్ను అనీ, కమీషను అనీ డబ్బు గుంజటం ఈ మోసంలోని కీలకం. కొందరు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకున్నారు. అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదనీ, ఏ రుసుమూ తాను అడగననీ 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటించవలసి వచ్చింది. నిజంగా కొనేవాడు మనకు డబ్బు ఇస్తాడు గాని, మన దగ్గర డబ్బు అడగడు. ఈ ఒక్క సూత్రం ఇంట్లో పెద్దవారికి చెప్పి వుంచండి.

విదేశాలలో వున్న పిల్లలకు బహుమతిగా పంపేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని అనుమతి లేకుండా దేశం దాటించరాదు.

ఇక కొన్నవాటిని ఎట్లా దాచాలి అంటారా? వేళ్లతో నాణెం ముఖం ముట్టుకోవద్దు; అంచు పట్టుకోండి. చింతపండూ విభూతీ పెట్టి తోమవద్దు. తోమిన నాణెం మెరుస్తుంది, ధర మాత్రం మాసిపోతుంది. చెమ్మ తగలని చోట, రబ్బరూ ఉన్నీ లేని చోట పెట్టండి. బిల్లూ, టంకశాల రసీదూ నాణెంతోపాటు వుంచండి. వాటితోపాటు ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టండి: ఏది, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, ఎందుకు కొన్నారు. మీ తర్వాత ఆ పెట్టె తెరిచేవారికి ఆ నోటుబుక్కే పెద్ద దిక్కు. కాకినాడలో ఆ పెద్దమనిషి ముప్పై ఏళ్లు ఎంతో ప్రేమగా పోగుచేశాడు. ఒక్క పేజీ రాసిపెట్టి వుంటే, ఆయన భార్యకు 35 వేలకూ రెండు లక్షలకూ మధ్య ఆ వెతుకులాట వుండేది కాదు.